బేరం ఆగితే లేచే పిల్ల

ఏ బేరానికైనా దిగేముందు చేతిలో ఏముందో చూసుకోవడం నా అలవాటు. ఆ శుక్రవారం సాయంత్రానికి నా చేతిలో ఉన్నవి ఇవి: కుమాసి నగరం పెద్ద మార్కెట్లో ఒక బట్టల కొట్టు, కొట్టు ముందు ఒక చెక్కబల్ల, సోమవారం నుంచి సిటీ బస్సు నడపడం నేర్చుకోబోతున్న భార్య, నన్ను చూస్తే చాలు గుక్కపట్టి ఏడ్చే తొమ్మిది నెలల కూతురు. వీటన్నిటి మీదా పెత్తనానికి మాంపోంగ్ నుంచి సంచీతో దిగిన అత్తగారు.

అత్తగారు అచియా వచ్చీరాగానే పెట్టిన షరతు ఇంకా నా చెవుల్లోనే ఉంది.

"సెర్వా బస్సెక్కితే పిల్లని చూసేది నువ్వే కదా అల్లుడూ. శనివారం నువ్వు కొట్టు కట్టేసేలోగా అడోమా నీ దగ్గర తినాలి, నీ వీపున నిద్రపోవాలి. అలా అయితే సరే. కాలేదా, ఆదివారం మొదటి వ్యానులో పిల్లని మాంపోంగ్ తీసుకుపోతాను."

అమ్మమ్మ దగ్గర పిల్లలు పెరగడం మా అశాంతీ జాతివాళ్ళకి వింత కాదు. పైగా మాలో పిల్ల అమ్మవైపు వంశానిది. అడిగే హక్కు ఆవిడకుంది, కాదనే నోరు నాకు లేదు. అయితే సెర్వా తన మాట కూడా చెప్పేసింది. "పిల్ల మాంపోంగ్ పోతే నేనూ పోతాను. బస్సూ వద్దు, గిస్సూ వద్దు." కాబట్టి నేను ఓడితే పోయేది కూతురొక్కతే కాదు. భార్య పోతుంది, ఎన్నో కాగితాలు పెట్టి, ఎన్నో మాటలు పడి ఆవిడ సంపాదించుకున్న డ్రైవరు సీటూ పోతుంది.

ఇందులో నవ్వొచ్చే సంగతి ఒకటుంది. పిల్లల పెంపకం గురించి మార్కెట్లో ఎవరికి ఏ అనుమానం వచ్చినా నా కొట్టుకే వస్తారు. పళ్ళొచ్చే పిల్లకి ఏం నమలడానికివ్వాలి, పాలు మాన్పించడం ఎలా, తమ్ముడు పుట్టాక పెద్దవాడు మంకుపట్టు పడితే ఏం చెయ్యాలి, అన్నీ నా బల్లమీద తేలవలసిందే. నిజానికి నాకేం తెలియదు. పొద్దున ఒకావిడ చెప్పినది మధ్యాహ్నం ఇంకొకావిడకి అందించేవాణ్ణి. సరుకు వాళ్ళది, కొట్టు నాది. విని పోయేవాళ్ళు వట్టిచేతులతో పోతే మర్యాదగా ఉండదని గుడ్డ కొనుక్కుని పోయేవారు. ఇన్నాళ్ళూ అలా గడిచింది. ఇప్పుడు ఆ సరుకంతా నా ఇంట్లోనే వాడవలసి వచ్చింది.

బంటామా పేటలో మేముండేది చుట్టూ గదులు, మధ్యన వాకిలి ఉన్న ఇల్లు. గదికో కుటుంబం, కుటుంబానికో పసిపిల్ల. సాయంత్రం అయ్యేసరికి వాకిలి నిండా పొయ్యిలు, రోకళ్ళు, పాకే పిల్లలు, ఏడ్చే పిల్లలు. ఆ ఇంట్లో రహస్యమన్నది దాగదు. నా షరతు సంగతి అందరికీ తెలుసు. అందుకని ఆ శుక్రవారం ఎవరూ వంట మీద మనసు పెట్టలేదు.

మొదట వచ్చింది ఎదురుగది మన్సా. ఆవిడ చింతపిక్కల్లా వరసగా పిల్లల్ని కన్న మనిషి. నడుం మీద ఒకణ్ణి, చేతికి ఒకణ్ణి తగిలించుకుని వచ్చింది.

"ఏం ఓపోకన్నా, పిల్ల తిన్నదా, లేక నిన్నే తినేసిందా?"

"నన్నే తింటోంది చెల్లెమ్మా."

"సెర్వా రవిక తొడుక్కో. పిల్లకి కావలసింది అమ్మ వాసన. మా చిన్నదానికి అలాగే చేశాం, మా ఆయన నా రవిక తొడుక్కునే జావ పట్టేవాడు."

"మీ ఆయన వెదురుబద్దలా ఉంటాడు. నన్ను చూడు!"

"ఊపిరి బిగబట్టు, పడుతుంది."

పట్టింది. పట్టి, చంకల దగ్గర ఆగిపోయింది. కిందికీ రాదు, పైకీ పోదు. చేతులు రెండూ ఎగరబోయే కొంగలా చాపుకుని వాకిట్లోకి వచ్చాను. అడోమా నా మొహం చూసింది, రవిక చూసింది, మళ్ళీ మొహం చూసింది. ఆ తర్వాత పెట్టిన కేక వీధి చివరి దాకా వినపడి ఉంటుంది. రోట్లో దంచుతున్నవాళ్ళు రోకళ్ళు వదిలేసి నవ్వారు. సెర్వా నీళ్ళకుళాయి పట్టుకుని నవ్వింది. మా అత్తగారు మాత్రం ఓ మూల కర్రపెండలం చెక్కు తీసుకుంటూ తల ఎత్తలేదు. కత్తి ఆగిందేమోగానీ, తల ఎత్తలేదు.

రవిక ఊడదీయడానికి దర్జీ అల్హసన్ రావలసి వచ్చింది. మా పక్కగదే అతనిది. మా దేశంలో ఉత్తరం వైపు మనిషి, తక్కువ మాట్లాడతాడు, ఇంటినిండా ఆడపిల్లలు. కుట్టు విప్పుతూ నా చెవి దగ్గర అన్నాడు.

"అన్నా, గిరాకీ వచ్చి గుడ్డంతా పిసికి చూసి, వద్దులే అని వెళ్ళిపోతుంటే నువ్వేం చేస్తావు?"

"ఏం చెయ్యను. అటు తిరిగి తాను మడతపెట్టుకుంటాను. వెంటపడితే వాళ్ళు ఇంకా దూరం పోతారు."

"మరి పిల్ల వెంట గిన్నె పట్టుకుని ఎందుకు పరిగెడుతున్నావు?"

ఇరవయ్యేళ్ళుగా చేస్తున్న వ్యాపారం ఇంట్లోకి రాగానే గుమ్మం దగ్గరే వదిలేశానన్నమాట.

పిల్ల గిన్నె పక్కన పడేశాను. నా కోసం ఉడికిన పెండలం మెత్తగా మెదిపి, ఎర్రటి పామాయిలు కలిపి, పళ్ళెంలో పెట్టుకున్నాను. అడోమాకి వీపు పెట్టి కూర్చున్నాను. తినడం మొదలుపెట్టాను, తొందర లేకుండా, చప్పరిస్తూ. ఎవరూ చూడొద్దని అల్హసన్ చేత్తో సైగ చేశాడు. వాకిలంతా అటు తిరిగి పొయ్యిలు ఊదుకుంది, ఓరకంటితో ఇటే చూస్తూ.

ఏడుపు సన్నబడింది. తర్వాత ఆగింది. అరచేతులు నేలమీద పడుతున్న చప్పుడు, తప్ తప్ మని. నా మోకాలు పట్టుకుని ఒక చిన్న మొహం పైకి లేచింది. నేను చూడలేదు. గోడకేసి చూస్తూ ఇంకో ముద్ద తీసుకున్నాను. నోటి దాకా వెళ్ళకముందే ఆ ముద్ద మాయమైంది. చెంపలకీ జుట్టుకీ ఎర్రనూనె పూసుకుని నా కూతురు నన్ను దోచుకుంది, ఒకసారి కాదు, పళ్ళెం ఖాళీ అయ్యేదాకా.

వాకిలంతా ఈలలు, చప్పట్లు. మన్సా తన పిల్లవాణ్ణి గాల్లోకి ఎగరేసి పట్టుకుంది.

అత్తగారు చెక్కు తీసిన దుంపలు నీళ్ళలో వేసి లేచింది. "తిండి సగమే అల్లుడూ," అని గదిలోకి వెళ్ళిపోయింది.

*

మర్నాడు పొద్దున సెర్వాకి బస్సువాళ్ళ దగ్గర కళ్ళ పరీక్ష, యూనిఫాం కొలతలు. ఆవిడ వెళుతూ పిల్లని నా చేతిలో పెట్టి, "ఏమయ్యా, నా మొహంలోకి చూసి చెప్పు. చెయ్యగలవా?" అంది.

"నేను అమ్మలేని సరుకు ఇంతవరకూ ఈ ఊళ్ళోకి రాలేదు," అన్నాను.

"పిల్ల సరుకు కాదు." అని నా చెంప మీద చిన్నగా తట్టి వెళ్ళిపోయింది.

అడోమాని చంకనెత్తుకుని కొట్టుకి వెళ్ళాను. వెనకాలే అత్తగారు. బల్లమీద నడిమధ్యన కూర్చుని, గొడుగు మోకాళ్ళ మధ్య నిలబెట్టుకుంది, ఆ రోజంతా అక్కడినుంచి కదలనన్నట్టు.

పొద్దెక్కింది. పిల్లకి నిద్రవేళ దగ్గరపడింది, చెవి నలుపుకోవడం మొదలుపెట్టింది. ఇక వీపున కట్టుకోవాలి. మా దగ్గర ఆడవాళ్ళు పిల్లల్ని వీపున కట్టుకుని సంత చేస్తారు, దంచుతారు, నాట్యం కూడా చేస్తారు. మగవాడు కట్టుకోవడం మాత్రం మార్కెట్లో ఎవరూ చూసి ఎరగరు. సిగ్గు ఉంది, లేకేం. కానీ సిగ్గుని ఒక పళ్ళెంలో, సెర్వా బస్సుని ఇంకో పళ్ళెంలో పెట్టి తూచి చూశాను. ఏది బరువో వెంటనే తేలిపోయింది.

కడితే నా కూతురికి తక్కువది కట్టకూడదనుకున్నాను. పై అరలోంచి కొత్త తాను దించాను. మైనపు అద్దకం, నీలం మీద పసుపు పిట్టలు, కొట్టులో అంతకంటే ఖరీదైనది లేదు. ముక్క చింపాను, ఆ చింపిన చప్పుడికే నలుగురు తిరిగి చూశారు. వంగి, పిల్లని వీపు మీదికి వేసుకుని, గుడ్డ చుట్టి, రొమ్ముమీద ముడివేశాను. లేచి నిలబడ్డాను.

పిల్ల జారింది. మళ్ళీ వేశాను, మళ్ళీ జారింది. ముడి పడదు, పడినా నిలవదు. గుడ్డ గరగరలాడుతోంది, అట్టలా మడతపడుతోంది. అడోమా నా వీపున కాళ్ళు తన్నుకుంటూ ఆరున్నొక్క రాగం అందుకుంది.

ఇక మార్కెట్ ఊరుకుంటుందా?

"ఓపోకూ! మూటలు మోసే పనిలో చేరావా?" ఎదుటి కొట్లోంచి పాత్రలవాడు.

"అయ్యో, పాలెవరిస్తారయ్యా?" టమాటాలావిడ.

"ఆ గుడ్డకి పిల్ల ఉచితమా, పిల్లకి గుడ్డ ఉచితమా?"

చెమట కారుతోంది. వాళ్ళ మాటలు నాకు పట్టలేదు గానీ, వీపుమీద ఆ చిన్న ఒళ్ళు బిగుసుకుపోవడం తెలుస్తోంది. రాత్రి నా పళ్ళెంలో చెయ్యి పెట్టిన పిల్ల మళ్ళీ నాకు పరాయిదైపోతోంది. ఇంకాస్త ఏడిస్తే విప్పి అత్తగారి ఒళ్ళో పెట్టెయ్యాలి. అంతటితో అయిపోతుంది.

బల్లమీద అత్తగారు గొడుగుని నేలకేసి కొట్టింది.

"ఆపు!"

ఆగాను. మార్కెట్ కూడా ఆగింది.

"నువ్వు గుడ్డలు అమ్మేవాడివేనా?" అంది.

"అవును అత్తమ్మా."

"గంజి వదలని కొత్తగుడ్డతో పసిపిల్లని కడతారా ఎవరైనా? అది పట్టు దొరకనిస్తుందా? ఆ వాసనకి పిల్లకి కడుపులో తిప్పదూ? పెళ్ళికి కట్టే గుడ్డ వేరు, పిల్లకి కట్టే గుడ్డ వేరు. ఉతికి ఉతికి, ఎండలో మాడి, రంగు వెలిసి, అమ్మితే ఎవరూ కొననిదై ఉండాలి. అదే పిల్లకి మంచిది. ఇన్నేళ్ళు కొట్లో కూర్చున్నావు, ఎవరూ కొనని గుడ్డ విలువ నీకు తెలియలేదు!"

అందరూ నవ్వారు. ఆవిడ నవ్వలేదు. లేచి నిలబడి, తన నడుముకి చుట్టుకున్న పైగుడ్డ విప్పింది. ఒకప్పుడు ఎరుపో ఊదాయో, ఇప్పుడు చెప్పడం కష్టం. అరిగి అరిగి తమలపాకంత పల్చబడి ఉంది. దాన్ని నా మీదికి విసిరింది.

"సెర్వాని దీంతోనే మోశాను. పట్టుకో."

"అత్తమ్మా, ఇది ఇస్తే పందెం మీరు..."

"పిల్ల ఏడుస్తుంటే పందెం ఏమిటయ్యా? వంగు. ఇంకా వంగు. నడుం విరగదులే. పిల్ల చేతులు లోపలికి. పై అంచు చంకల కింద, కింది అంచు పిర్రల కింద. లాగు. లాగమన్నానా, నిమరమన్నానా? ఆ, ఇప్పుడు మడిచి దోపు. ముడి వద్దు, దోపు చాలు."

ఆవిడ ఒక్కసారి కూడా చెయ్యి వెయ్యలేదు. అంతా నా చేతే చేయించింది. లేచి నిలబడ్డాను. జారలేదు. ఆ గుడ్డ పిల్లనీ నన్నూ కలిపి ఒకే మనిషిని చేసినట్టుంది. ఏడుపు వెక్కిళ్ళలోకి దిగింది. చెంప నా వెన్నుకి ఆనింది.

సరిగ్గా అప్పుడే ఒక గిరాకీ వచ్చింది. పూసల కొట్టావిడ, మహా గట్టి మనిషి. నీలం మీద పసుపు పిట్టల తాను మీద చెయ్యి వేసి, ధర అడిగి, నేను చెప్పగానే మూతి విరిచింది.

"ఇదేం ధర? పిట్టలు ఎగిరిపోతాయి!"

"ఎగరవమ్మా, అద్దకం అంత గట్టిది. ఉతికి చూడు, నీ మనవరాలు కూడా కట్టుకుంటుంది..."

మాట్లాడుతుండగానే తెలిసింది. నా గొంతు వీపులోంచి గుంయ్‌గుంయ్‌మని పిల్ల చెంపకి తగులుతోంది. వెక్కిళ్ళు ఆగాయి. చిన్న ఒళ్ళు బరువెక్కింది. ఊపిరి నిదానమైంది.

"పడుకుంది!" అంది టమాటాలావిడ, గుసగుసగా.

నేను ఆనందం పట్టలేక మాట ఆపాను. వెంటనే వీపున కదలిక, ఒక చిన్న మూలుగు. గబగబా మళ్ళీ అందుకున్నాను. "చూడమ్మా, పన్నా వెడల్పు చూడు, అంచు చూడు..." మళ్ళీ నిద్ర. బేరం సాగితే నిద్ర, బేరం ఆగితే మెలకువ.

పూసలావిడ ఇదంతా చూడలేదు. "సరేలే, నీ ధరకే ఇవ్వు," అని సంచీ తెరిచింది.

గబగబా సంచీకి అడ్డంగా చెయ్యి పెట్టాను. "వద్దమ్మా వద్దు! అప్పుడే ఒప్పుకోకు. అంత ధర ఎవరిస్తారు? నువ్వు ఇంకా తగ్గించమని అడగాలి!"

ఆవిడ నన్ను పిచ్చివాణ్ణి చూసినట్టు చూసింది. ఆ మార్కెట్ పుట్టిన దగ్గర్నుంచీ వ్యాపారి నోట ఈ మాట ఎవరూ విని ఉండరు. టమాటాలావిడ వచ్చి ఆమె చెవిలో చెప్పి, నా వీపు చూపించింది. పూసలావిడ మొహం విప్పారింది. సంచీ మూసి, నడుం మీద చేతులు వేసుకుంది.

"అయితే సగం ధరకి ఇవ్వు!"

"సగమా! నన్ను అడుక్కుతినమంటావా!"

"నీ దగ్గర కొంటే నేనే అడుక్కుతినాలి!"

ఆవిడ అలిసిపోతే పాత్రలవాడు వచ్చి బేరమాడాడు. అతను అలిసిపోతే టమాటాలావిడ. తర్వాత ఎవరెవరో, ఏమీ కొనే ఉద్దేశం లేనివాళ్ళు, వరసగా నిలబడి నన్ను తిట్టారు, నా గుడ్డని తిట్టారు, నేను వాళ్ళని తిట్టాను. అంత తీయగా తిట్టుకోవడం ఆ మార్కెట్లో ఎప్పుడూ జరగలేదు. పిల్ల నోరు తెరుచుకుని, నా చొక్కా మీద చొంగ కారుస్తూ నిద్రపోయింది.

*

కొట్టు కట్టేసే వేళకి సెర్వా వచ్చింది, చంకలో యూనిఫాం పొట్లంతో. నా వీపు చూసింది. తన తల్లి నడుముకి పైగుడ్డ లేకపోవడం చూసింది. బల్లమీద తల్లి పక్కన కూర్చుని, ఆవిడ భుజానికి తల ఆనించింది.

"సోమవారం వెళ్ళవే," అంది అత్తగారు. "బస్సు నేర్చుకుని ముందు నన్నెక్కించుకో. మాంపోంగ్ రోడ్డు మీద గుంతలు తప్పించడం వస్తే నిన్ను డ్రైవరంటాను."

గెలిచాను. కూతురు మిగిలింది, భార్య మిగిలింది, భార్య బస్సు మిగిలింది. అత్తగారికి చేతులు జోడించాను. "మీరు ఆ గుడ్డ ఇవ్వకపోతే నేను ఓడిపోయేవాణ్ణి అత్తమ్మా. పిల్లని తీసుకుపోదామని వచ్చి, మీరే నన్ను గెలిపించారు."

ఆవిడ నన్ను జాలిగా చూసింది.

"తీసుకుపోదామని ఎవరు వచ్చారయ్యా?"

"మరి ఆ షరతు?"

"నాకు డెబ్భై దాటాయి. తొమ్మిది నెలల పిల్లని పెట్టుకుని నేనేం చెయ్యను? ఇవ్వడానికి వచ్చాను. ముందే 'ఇస్తాను' అంటే నువ్వు తీసుకునేవాడివా? తీసుకుపోతానంటేనే గట్టిగా పట్టుకున్నావు."

సెర్వా తల ఎత్తింది. "అమ్మా, ఏం ఇవ్వడానికి?"

"నీ చెల్లెలు అఫ్రియేకి చేపల మార్కెట్లో చోటు దొరికింది. కవలల్ని వేసుకుని ఆ కత్తుల మధ్య ఎలా కూర్చుంటుంది? ఎవరి దగ్గర ఉంచాలా అని నెలరోజులుగా చూస్తున్నాను. పిల్లల్ని తనతో తిననిచ్చేవాడు, వీపున మోసేవాడు, పదిమంది నవ్వినా విప్పనివాడు కావాలి. దొరికాడు." గొడుగు తీసుకుని లేచింది. "రేపు పొద్దున మొదటి వ్యానులో వస్తున్నారు. ఇద్దరూ మగపిల్లలే. వాళ్ళలో ఒకడు కొరుకుతాడు, చూసుకో."

ఇరవయ్యేళ్ళు బేరాలాడి తిన్నవాణ్ణి. అడిగినట్టు నటించి అంటగట్టే బేరం నాకు తెలియనిది కాదు. కానీ ఇంత నున్నగా ఎవరూ నాకు అంటగట్టలేదు.

ఇంటికి నడుస్తూ లెక్క చూసుకున్నాను. ఒక పిల్ల పోకుండా ఆపుకుందామని దిగాను. పిల్ల మిగిలింది, ఇల్లు మిగిలింది, సెర్వా చెయ్యి దారిపొడవునా నా చేతిలోనే ఉంది. వీటి మీద లాభం ఇద్దరు మగపిల్లలు. మొత్తం ముగ్గురు. నాకున్న వీపు మాత్రం ఒక్కటే.